సూడి పందుల బంతి

పోలిపాడ్యమి మర్నాడు, మంగళవారం. పొద్దున్న మంచు, తర్వాత ఎండ. ఉన్నవారు: నేను, నా మేనకోడలు, ఆమె భర్త, ఆమె అత్తగారు. సూడి పందులు అయిదు.

ఆ రోజు డైరీలో మొదటి మాటలు ఇవే. ముందు తిథి వారం, తర్వాత వాతావరణం, తర్వాత అక్కడ ఎవరెవరు ఉన్నారు. పశువుల ఆసుపత్రిలో కాంపౌండరుగా చేరిన నాటి నుంచి నాకు ఇదే వరస. పదవీ విరమణ అయినా వరస పోలేదు. కడుపుతో ఉన్న పశువుల్ని మా ఆసుపత్రి రాతల్లో సూడి అనే రాసేవాళ్ళం, ఆ మాటా పోలేదు. పందుల్ని కూడా ‘ఉన్నవారు’ కింద రాసేశానని మేనకోడలు భుజం మీంచి చదివి నవ్వింది.

“మావా, వాటి సేత సంతకాలెట్టించుకోనేదేటి?”

వాళ్ళ పందుల షెడ్డు చీపురుపల్లికి పడమటగా, మెట్ట మీద ఉంది. ఒకప్పుడు అదంతా గోగు చేను. గోగు కట్టలు నీళ్ళలో నానేసిన రోజుల్లో మైలు దూరం నుంచే వాసన కొట్టేది. బస్సు దిగగానే ఆ వాసన తగిలితే మా అక్క అత్తవారి ఊరు వచ్చేసినట్టే. అక్క కూతుర్ని కూడా ఆ పక్క ఊరికే ఇచ్చాం. గోగు పోయింది, నార మిల్లులూ పోయాయి. ఆ చేలో మేనకోడలూ, ఆమె భర్తా తెల్ల పందుల్ని పెట్టారు. వ్యవసాయం చేసుకునే ఇంట్లో పందులేమిటని బంధువులు కొన్నాళ్ళు నోళ్ళు నొక్కుకున్నారు. అందరికన్నా గట్టిగా నొక్కుకున్నది ఆమె అత్తగారు. మొదటి ఏడాది ఆవిడ షెడ్డు గట్టు కూడా తొక్కలేదు. కొడుకు షెడ్డు నుంచి వస్తే నూతి దగ్గరే నీళ్ళు పోసుకుని గాని గుమ్మం ఎక్కనిచ్చేది కాదు. ఒకసారి సింహాచలం వెళ్ళి అప్పన్న దర్శనం చేసుకుని వచ్చి, మర్నాడు పొద్దున్నే కుడితి బాల్దీ పట్టుకుని తనే షెడ్డుకి బయల్దేరింది.

“సావి వరాహం కాదేటి బావా? ఆయన్ని దండమెట్టుకుని వీటిని సీదరించుకుంటే పాపం కాదేటి?” అని నన్నే అడిగింది.

వరసకి నేనావిడకి బావని, ఆవిడ నాకు వదిన. ఆ వరస ఉన్నంతకాలం ఆవిడ నోటికి అడ్డు లేదు, నా నోటికీ లేదు.

పందులకి పేర్లు పెట్టింది కూడా ఆవిడే. అన్నిటికన్నా పెద్దది, నోరున్నది అత్త. ఒక ఈతలో పుట్టిన రెండూ తోడికోడళ్ళు. ఎవరి జోలికీ పోకుండానే అందరినీ కసిరేది ఆడపడుచు. చిన్నది కొత్త కోడలు. దానికి అదే తొలిచూలు. పుట్టినప్పుడు అన్నిటికన్నా బక్కది, తల్లి దగ్గర చన్ను దొరకక మూలన పడి ఉంటే మేనకోడలు పాలసీసాతో పెంచింది. దానికి కడుపు నిలిచిందని తెలిసిన రోజున నాకు ఫోన్ చేసి చెప్పింది, మనుషుల కబురు చెప్పినట్టే.

ఆ అయిదూ అప్పటిదాకా బోన్లలో ఉండేవి. ఒక్కో పందికి ఒక్కో ఇనుప బోను. అందులో లేవగలదు, పడుకోగలదు, ముందున్న తొట్టిలో తినగలదు. వెనక్కి మాత్రం తిరగలేదు. సూడి కట్టిన దగ్గర్నుంచి ఈనే రోజులు వచ్చేదాకా అంతే. ఒకదానితో ఒకటి పోట్లాడుకోకుండా, ప్రతిదానికీ దాని మేత దానికి అందేలా, కడుపు నిలిచేలా అలా పెడతారు. మేనకోడలి భర్త ఆ పద్ధతి నేర్చుకుని వచ్చి, అప్పుచేసి కొనకుండా తన చేతుల్తోనే గొట్టాలు కోసి, బిగించి కట్టాడు. అందుకని వాటి మీద అతనికి ప్రేమ కూడా ఉంది.

నా చిన్నప్పుడు పందుల్ని అలా చూడలేదు. మా ఊళ్ళో అవి నల్లవి, వదిలేసినవి. ఎండాకాలం చెరువు మడుగులో చెవులు మాత్రం పైకి పెట్టుకుని పడుకునేవి. ఒకసారి మా అమ్మతో గోగు చేలోకి వెళ్తుంటే ఈతడొంక పక్కన ఒక పంది నోటినిండా గడ్డి కరుచుకుని పోతూ కనబడింది. డొంకలోకి వెళ్ళి, ఒట్టి నోటితో వచ్చి, మళ్ళీ గడ్డి కరుచుకుని వెళ్ళింది. మేం నిలబడి చూస్తున్నామని దానికి పట్టలేదు.

“ఇయాలో రేపో ఈనీసేలా గున్నాది. సూడు, దాని పురిటిగది అదే సర్దుకుంతన్నాది,” అంది అమ్మ. అమ్మ అప్పుడు మా చెల్లెల్ని కడుపులో మోస్తూ ఉంది. తలమీద గంప దింపి, ఒక చేత్తో నడుం పట్టుకుని, అది నాలుగుసార్లు తిరిగేదాకా అక్కడే నిలబడింది. ఇంటికి వెళ్ళాక ఆ మాట ఎవరితోనూ అనలేదు. నాకు మాత్రం అమ్మ తలపుకొస్తే చాలాసార్లు ఆ నిలబడ్డ తీరే కనిపిస్తుంది.

మేనకోడలికి మా అమ్మ తెలియదు. కాని ఒక రోజు బోను ముందు కూర్చుని, ఆడపడుచు కమ్మీని పళ్ళతో పట్టి అటూ ఇటూ లాగుతూ ఉంటే చాలాసేపు చూసి నాతో అంది:

“మేత తినీసినాక కూడా నములుతాది మావా. అది నమిలీది ఇనుము.”

అప్పటి నుంచి ఆమెకి ఒకటే పట్టుదల. సూడి పందులన్నిటినీ ఒకచోట వదలాలి. అవి తిరగాలి, గడ్డిలో పడుకోవాలి. భర్త ఒప్పుకోలేదు. కుమ్ముకుంటాయి, కడుపులు పోతాయి అన్నాడు. అతని భయం తప్పు కాదు. నేను కూడా ఆ మాటే చెప్పాను. కొత్త పందులు కలిస్తే మొదట ఎవరు పెద్దో తేల్చుకోవడానికి కొట్టుకుంటాయి. తేలాక ఊరుకుంటాయి. ఆ తేలేలోపు చిన్నదానికి ప్రమాదం. కొన్నాళ్ళు ఆగి, కడుపులు బాగా నిలిచాయని చూసుకున్నాక కలుపుదామన్నాను. ఆగారు. చివరికి ఆమే ఒక మాట ఇచ్చింది.

“కొత్త కోడలి కడుపు పోయిందా, నా సేతుల్తోటే మల్లీ అన్నిటినీ బోన్లో ఎట్టేస్తాను. ఇంకెప్పుడూ అడగను.”

“ఇన్నావు కదా మావా? సాచ్చికం నువ్వే,” అన్నాడు అతను.

షెడ్డులో రెండు గదుల మధ్య గోడ కొట్టేశారు. వెనక దడి కట్టి వాకిలిలా చేశారు. కొత్త వరిగడ్డి మోకాలెత్తున పరిచారు. ఒక పక్క గోడ పొడవునా సిమెంటు తొట్టి ఒకటి కట్టారు. అయిదింటికీ అయిదు చిన్న తొట్లు పెడదామని అతనంటే తల్లి ఒప్పుకోలేదు.

“ఒక ఇంట్లోకి తెచ్చినాక ఏరే కుంపట్లేట్రా? ఒక కుండ కూడు తింతేనే కలిసుంతాయి.”

మా అందరికీ ఆ మాట సబబుగానే తోచింది. మేమంతా ఉమ్మడి ఇళ్ళలో పెరిగినవాళ్ళమే. కలిసి ఉండటమంటే ఒక పొయ్యి, ఒక కుండ అనే తెలుసు. మూరెడు తొట్టి ఎక్కువ కట్టాలని గాని, మధ్యన అడ్డాలు పెట్టాలని గాని ఎవరికీ తట్టలేదు.

ఆ మంగళవారం మంచు విడిచాక బోన్ల తలుపులు తీశాం. మొదట ఒక్కటీ బయటికి రాలేదు. తలుపు తీసి ఉన్నా అవి అలవాటైన చోటే నిలబడ్డాయి. ముందు కదిలింది అత్త. గడ్డి మీద ఒక్కసారి ముక్కు పెట్టి, మూతితో ఇంత గడ్డి ఎగరేసి, చుట్టూ గుండ్రంగా తిరిగింది. ఎన్నాళ్ళకి తిరిగిందో. మేనకోడలు నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

తర్వాత అనుకున్నట్టే అయ్యింది. అత్త, ఆడపడుచు భుజానికి భుజం పెట్టి తోసుకున్నాయి, అరిచాయి, మెడల మీద పళ్ళగాట్లు పెట్టుకున్నాయి. తోడికోడళ్ళిద్దరూ ఒకటిగా నిలబడి ఎవరినీ దగ్గరికి రానివ్వలేదు. కొత్త కోడలు వాకిట్లోకి పారిపోయి దడి పక్కన నిలబడింది. పారిపోవడానికి చోటుంది గనక దానికి ఏమీ కాలేదు. ఎండ నడినెత్తికి వచ్చేసరికి అరుపులు తగ్గాయి. ఆడపడుచు తల వంచేసింది. అత్త గడ్డిలో వెల్లకిలా పడ్డంత పని చేసి ఒత్తిగిల్లింది.

“తేలిపోనాది,” అంది వదిన. “ఇంట్లో నాగే.”

“ఇంట్లో తేలడానికి ఎన్నాళ్ళు పట్టిందేటి?” అన్నాను.

“మీ మేనకోడలేటి తక్కువదా బావా? ఇంకా తేలనేదు.”

ఆ నవ్వుల్లోనే మధ్యాహ్నం మేత వేశాం. తవుడూ, నూకలూ, చీపురుపల్లి సంత నుంచి తెచ్చిన కూరగాయల తొక్కలూ కలిపిన కుడితి. బాల్దీ వదిన చేతిలో ఉంది. మా ఇళ్ళలో ఎప్పుడూ చేసినట్టే, పెద్దదానికి మర్యాద చేసి ముందు అత్త ముందర పోసింది. తర్వాత ఆడపడుచుకి. తర్వాత తోడికోడళ్ళకి. కొత్త కోడలి ముందుకి బాల్దీ వచ్చేసరికి అత్త తనది ఊడ్చేసుకుంది. తొట్టి పొడవునా అందరినీ తోసుకుంటూ వచ్చి చిన్నదాని చెవి పట్టేసింది. వెనక్కి పోదామంటే వెనక తోడికోడళ్ళు. అది కాళ్ళు జారి, తొట్టి అంచుకి పొట్ట కొట్టుకుని పడింది.

మేనకోడలి భర్త దడి దూకి లోపలికి వెళ్ళాడు. ఒక రేకు ముక్క అడ్డం పెట్టి అత్తని తోసి, చిన్నదాన్ని వాకిట్లోకి తోలాడు. చెవి చీరుకుని రక్తం కారుతోంది. నేను కడిగి మందు రాశాను. పొట్ట మీద చెయ్యి వేస్తే అది వణుకుతోంది. కింద తడి గాని రక్తం గాని లేదు. కాని అంతలోనే ఏమీ చెప్పలేం, రేపు చూడాలి, ఆ తర్వాత కూడా కొన్నాళ్ళు కనిపెట్టుకుని ఉండాలి అన్నాను.

అతను కేకలేమీ వెయ్యలేదు. చేతులు కడుక్కుని వచ్చి భార్యతో మెల్లగా అన్నాడు.

“సాయంత్రం మేత దాకా సూస్తాను. మల్లీ ఇలాగే అయితే కడుపు పోయీదాకా ఆగను. రేపు పొద్దున్న బోన్లో ఎట్టేస్తాను.”

ఆమె తల ఊపింది. మాట ఇచ్చింది ఆమే.

జీడిమామిడి చెట్టు కింద చాప వేసుకుని మేం అన్నాలకి కూర్చున్నాం. ఎండుచేపల పులుసు. ఎవరికీ సయించలేదు, వదినకి తప్ప. ఆవిడ బాధలో ఉంటే ఎక్కువ తింటుంది, ఎక్కువ మాట్లాడుతుంది.

“అచ్చం రామతీర్థంలో పెల్లినాగే ఉన్నాది బావా. మొన్న ఎల్నాం కదా. బఫే అని ఎట్టినారు. పల్లెం పట్టుకుని సావాల. బలమున్నోడు బూరెల కాడికెల్లిపోతాడు. నానెల్లీసరికి సట్టిలో గరిటే ఉన్నాది.”

“నీకు దొరకనేదని పందులతోటి కలిపేస్తావేటమ్మా?” అన్నాడు కొడుకు.

“కలిపింది మీరురా. నాను ఆ తొట్టి కాడ సూసింది సెప్తన్నాను. బంతి ఎయ్యరు, వొడ్డించరు. మరి తోసుకోరేటి?”

మేనకోడలు తింటున్న చెయ్యి ఆపేసింది.

“వడ్డించావు కదత్తా. ముందు అత్తకే వడ్డించావు.”

“పెద్దది కాదేటి?”

“పెద్దదాని ఇస్తరాకులో ముందేస్తే ముందు తినీసి లెగిసిపోతాది. లెగిసినోలు పక్కోల ఆకులోకి సూడరేటి?”

నాకు మా పెద్దమ్మ కళ్ళముందు నిలబడింది.

మా వీధిలో ఏ పెళ్ళైనా బంతులు వేయించేది మా పెద్దమ్మే. ఆషాఢంలో ముసురు పట్టిన రోజుల్లో అడ్డాకులు కుట్టి, కట్టలు కట్టి, అటక మీద పెట్టేవాళ్ళు. పెళ్ళినాడు వాటి మీద నీళ్ళు చిలకరిస్తే వచ్చే వాసన ఇప్పటి ప్లేట్లకి రాదు. పందిట్లో తాటాకు చాపలు పొడవునా పరిచి, పెద్దమ్మ చేతులు వెనక్కి కట్టుకుని నడిచేది. ఎవరిని ఎక్కడ కూర్చోబెట్టాలో ఆవిడకి తెలుసు. మాటల్లేని అన్నదమ్ముల్ని ఒకే బంతిలో, కాని వీపులు తిప్పి కూర్చోబెట్టేది. గబగబా తినే మా చిన్నాన్న ఆకులో ముందు ముళ్ళున్న చేప వేయించేది. చివరి ఆకులో కూడా అన్నీ పడ్డాక “గోవిందా” అనేది. అందరూ “గోవింద” అన్నాక గాని ఒక్క చెయ్యి కదిలేది కాదు. లేవడం కూడా అంతే, అందరూ ఒక్కసారే. ఆ రోజుల్లో నాకు ఆకలి దంచేస్తూ ఉంటే, ఆవిడ ఇంకా గోవింద అనదేమని ఏడుపొచ్చేది. ఇప్పుడు ఎన్ని పెళ్ళిళ్ళకి వెళ్ళినా, కుర్చీ వెతుక్కుంటూ, పళ్ళెం ఒక చేత్తో పట్టుకుని నిలబడినప్పుడల్లా, ఆ ఏడుపు కోసమే మనసు పీకుతుంది.

ఆ సంగతంతా వాళ్ళకి చెప్పాను. చెప్పడం పూర్తికాక ముందే మేనకోడలు లేచింది.

“అయితే బంతి ఏసేద్దుం.”

“పందులకి గోవింద అంతే ఆగుతాయేటే?” అన్నాడు భర్త.

“ఆగవు. అందుకే ముందు ఇస్తరాకులు నింపీసి, తరవాత పిలుద్దుం.”

సాయంత్రం, ఎండ ఉండగానే, అయిదు పందుల్నీ వాకిట్లోకి తోలి తలుపు వేశారు. ఈసారి పడినది పడినట్టే ఉండేలా కుడితి గట్టిగా కలిపి, తొట్టి జోలికి పోకుండా, నేల కడిగి గోడల వారన ఒకదానికొకటి దూరంగా అయిదు కుప్పలు పోశాం. ఎవరి కుప్ప ఎక్కడన్నది వదినే చెప్పింది. తోడికోడళ్ళకి పక్కపక్కన. ఆడపడుచుకి ఎదురుగోడకి. అత్తకి అన్నిటికన్నా లోపలి మూల. దాని కుప్పలో చిలగడదుంప తీగలు చుట్టలు చుట్టి కలిపించింది. నమలడానికే సగం పొద్దు పట్టాలని. కొత్త కోడలి కుప్ప తలుపు దగ్గరే, దానికీ మిగతావాటికీ మధ్యన గడ్డిమోపులు ఎత్తుగా పేర్చి. ముందు అత్తని పిలిచి, అది లోపలి మూలకి చేరాక మిగతావాటిని వదిలి, చిన్నదాన్ని ఆఖర్న వదలాలని అనుకున్నాం.

కొడుకు తలుపు గడియ మీద చెయ్యి వేశాడు. తల్లి చేతులు జోడించింది.

“గోవిందా!”

“ఓలమ్మ, నిజంగా అనీసినావేటమ్మా!” అన్నాడతను నవ్వాపుకోలేక. కాని గడియ తీశాడు.

అనుకున్న వరసలోనే లోపలికి వచ్చి అయిదూ తిన్నాయి. కాసేపు నమిలే చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. మేనకోడలు నా చెయ్యి పట్టుకుంది, చిన్నప్పుడు సూది వేయించుకునేటప్పుడు పట్టుకున్నంత గట్టిగా. అత్త తీగలన్నీ వదిలేసి కింద ఉన్న నూకలు మాత్రం ఏరుకుని తినేసి, తల ఎత్తింది. నేరుగా కొత్త కోడలి వైపు నడిచింది. మేనకోడలి భర్త రేకు ముక్క అందుకున్నాడు. మోపుల మీంచి అత్త మూతి కనబడగానే చిన్నది తినడం ఆపి, మోపుల చుట్టూ తిరిగి, గోడ వెంట పరుగెత్తి, అత్త వదిలేసిన కుప్ప దగ్గరికి చేరింది. అక్కడ తీగలు నమలడం మొదలుపెట్టింది. అత్త దాని మిగులు తింటోంది, అది అత్త మిగులు తింటోంది.

అతను రేకు దించాడు. “దీనికి బుర్రున్నాది,” అన్నాడు.

“నేను పెంచినాను కదా,” అంది ఆమె.

“బుర్ర మాట సరే. పొట్ట మాట రేపు సూద్దుం.”

ఆ రాత్రి నేను వాళ్ళింట్లోనే ఉండిపోయాను.

మర్నాడు, బుధవారం. మంచు దట్టంగా ఉంది. మేం వెళ్ళేసరికి మేనకోడలు అప్పటికే షెడ్డులో గడ్డి మీద మోకాళ్ళ మీద కూర్చుని ఉంది. కొత్త కోడలు తోడికోడళ్ళలో ఒకదాని వీపుకి వీపు ఆనించి పడుకుంది. చెవి వాచి, మందుతో పచ్చగా ఉంది. మేనకోడలు దాని తోక పక్కకి తీసి చూసింది. నేను వంగి చూశాను. పొడిగా, శుభ్రంగా ఉంది. కింద గడ్డి తిప్పి చూశాను. ఎక్కడా మరక లేదు. పొట్ట మీద చెయ్యి పెడితే అది చిరాగ్గా గుర్రుమని, లేచి, ఒళ్ళు దులుపుకుని, మేత కోసం తలుపు వైపు నడిచింది. అందులో కుంటు గాని, వణుకు గాని లేదు.

“బాగున్నాదేటి మావా?” వెనక నుంచి అడిగాడు అతను.

“ఇప్పటికి బాగుంది. పది రోజులు కనిపెట్టి ఉండండి.”

అతను బోన్ల వైపు వెళ్ళాడు. మేనకోడలు లేచి నిలబడింది. పందుల్ని మళ్ళీ పెట్టడానికి తలుపులు తెరుస్తాడనుకున్నాం. జేబులోంచి స్పానరు తీసి మొదటి బోను పక్క బోల్టు విప్పడం మొదలుపెట్టాడు.

“ఏటి సేస్తన్నావురా?” అంది తల్లి.

“ఈ గొట్టాలతోటి తొట్టికి అడ్డాలు కడతాను. తలలు మాత్రం ఏరేగా ఉంటే సాలు కదా. రోజూ నేలమీద పోసుకుంటూ కూకోడానికి నాకు తీరిక నేదు.” అని, తలెత్తకుండానే భార్యని పిలిచాడు. “ఒసే, ఇలగొచ్చి ఆ కొస పట్టు. పడిపోతాది.”

ఆమె వెళ్ళి గొట్టం రెండో కొస పట్టుకుంది.